సెగగడ్డకు కాపడం ఎంతవరకు, కత్తి ఎప్పుడు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. మా వారి వయసు 48 సంవత్సరాలు. పది రోజుల క్రితం మెడ వెనుక, జుట్టు మొదలయ్యే చోట శనగగింజంత కురుపు లేచింది. మామిడిపండ్లు ఎక్కువ తిని వేడి చేసిందని మా అత్తగారు సున్నం, బెల్లం కలిపి పట్టీ వేశారు. ఇప్పుడది నిమ్మకాయంత అయింది. దాని మీద మూడు నాలుగు చోట్ల చీము కనిపిస్తోంది. సలుపుతో ఆయనకు రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి కూడా హాస్టల్ నుంచి తొడ మీద సెగగడ్డతో వచ్చాడు. వాడికి గజ్జలో బిళ్ళ కట్టింది. ఇద్దరికీ ఇంట్లోనే తగ్గించుకోవచ్చా? నొక్కి చీము తీసేస్తే త్వరగా మానుతుందా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీరు ఒకే ఉత్తరంలో రాసినా, ఆ రెండు గడ్డలూ ఒకే రకానివి కావు. మీ అబ్బాయిది కాపడం పెట్టుకుంటూ కొద్దిరోజులు ఇంట్లో గమనించదగినది. మీ వారిది ఆలస్యం చేయకుండా శస్త్రవైద్యునికి చూపించవలసినది. ఈ జవాబు అచ్చయ్యే లోపే చూపించి ఉంటారని ఆశిస్తున్నాను. ఒకవేళ చూపించకపోతే, దయచేసి ఈ రోజే తీసుకువెళ్ళండి.

మెడ వెనుక చర్మం మందంగా ఉంటుంది. అక్కడ పక్కపక్కనే ఉన్న అనేక రోమకూపాలు ఒకేసారి చీముపట్టి, లోలోపల ఒకదానితో ఒకటి కలిసిపోయినప్పుడు, పైన జల్లెడ కళ్ళలాగా మూడు నాలుగు చోట్ల చీము కనిపిస్తుంది. దీనినే మన పెద్దలు రాచకురుపు అనేవారు. ఆ మాటను క్యాన్సర్‌కు కూడా వాడటం ఉంది కనుక ఎవరైనా అలా అంటే భయపడకండి, ఇది క్యాన్సర్ కాదు. అయితే పైకి కనిపించే దానికంటే లోపల చీము విస్తరించి ఉంటుంది కనుక ఇది కాపడానికి లొంగదు. మత్తు ఇచ్చి, కోసి, లోపలి చీమును, చచ్చిన కండను తీసివేసి, పుండు అడుగునుంచి పూడుకుంటూ వచ్చేవరకు కట్లు మార్చవలసి ఉంటుంది. దానితోపాటు యాంటీబయాటిక్ మందులు కూడా సాధారణంగా అవసరమవుతాయి.

అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. నడివయసులో మెడ మీద ఇలాంటి గడ్డ లేచిందంటే, వైద్యుడు మొదట అడిగేది మధుమేహం గురించే. తనకు షుగరు ఉందని ఈ గడ్డ వచ్చిన తరువాతే తెలుసుకున్నవారు మా దగ్గరకు తరచుగా వస్తుంటారు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు, క్రిములతో పోరాడవలసిన తెల్లకణాలు చురుకుగా పనిచేయలేవు. అందువల్ల శనగగింజంత కురుపు పది రోజుల్లో నిమ్మకాయంత కావడానికి అవకాశం కలుగుతుంది. పరగడుపున చేసిన పరీక్షలో చక్కెర 126 మిల్లీగ్రాములు గానీ, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే రక్తపరీక్ష) 6.5 శాతం గానీ, లేదా అంతకు మించి గానీ ఉంటే మధుమేహంగా భావించి, మరొకసారి పరీక్షించి నిర్ధారిస్తారు. ఆయనకు ఇంతకుముందు ఎన్నడూ షుగరు లేకపోయినా ఈ పరీక్ష తప్పనిసరిగా చేయించండి. చక్కెర అదుపులోకి రాకపోతే, ఎంత బాగా కోసి కట్టినా పుండు త్వరగా మానదు.

మీ అత్తగారి మాటను నేను తేలికగా తీసివేయలేను. మామిడిపండ్ల కాలంలో సెగగడ్డలు ఎక్కువ కావడాన్ని ఆమె తన జీవితమంతా చూసి ఉంటారు, ఆమె చూసినది నిజమే. అయితే కారణం పండు తినడం కాదు. ఆ కాలంలో పట్టే చెమట, దానివల్ల నానిన చర్మం, బట్టల ఒరిపిడి, చెమటకాయల మీద గోకుడు వల్ల చర్మంలో కంటికి కనిపించని గాట్లు ఏర్పడి, వాటి గుండా క్రిములు రోమకూపంలోకి చేరుతాయి. 1880 ప్రాంతంలో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ నగరానికి చెందిన శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ ఇలాంటి గడ్డల చీమును సూక్ష్మదర్శినిలో చూసి, అందులో ద్రాక్షగుత్తుల్లా కనిపించిన క్రిములను గుర్తించారు. గ్రీకు భాషలో ద్రాక్షగుత్తి అనే అర్థం వచ్చేలా వాటికి స్టెఫైలోకాకస్ అని పేరు పెట్టారు. నేటికీ మనం చూసే సెగగడ్డలలో అత్యధిక భాగానికి ఆ జాతి క్రిమియే కారణం. సున్నం మాత్రం ఇక వేయవద్దు. అది క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. గడ్డ మీద గడ్డకట్టిన ఆ పట్టీ కింద ఎరుపు ఎంతవరకు పాకిందో, చీము ఎక్కడ చేరిందో మీకూ కనిపించదు, వైద్యునికీ కనిపించదు. నీటితో మెల్లగా నానబెట్టి కడిగివేయండి. గీకకండి. ఉమ్మెత్త ఆకు కట్టడం కూడా కొన్ని చోట్ల ఉన్నది. అది విషపు మొక్క కనుక దాని జోలికి అసలే వెళ్ళకండి.

ఇక మీ అబ్బాయి విషయం. గజ్జలో బిళ్ళ కట్టడం చూసి మీరు కంగారుపడి ఉంటారు. తొడ మీద చీము చేరినప్పుడు, దానిని అడ్డుకోవడానికి గజ్జలోని గ్రంథి ఉబ్బడం సహజమే. గడ్డ తగ్గిన తరువాత అది కూడా క్రమంగా తగ్గుతుంది. ఆ బిళ్ళను రుద్దవద్దు, పిసకవద్దు.

అతనికి కావలసినది కాపడం. ఇది చెప్పినంత తేలికగా ఎవరూ చేయడం లేదు కనుక వివరంగా రాస్తున్నాను. ముందుగా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కాచిన నీటిని గిన్నెలో పోసి కాస్త చల్లారనివ్వాలి. ఉతికిన మెత్తని నూలుగుడ్డను నాలుగు మడతలు పెట్టి ఆ నీటిలో ముంచి, పిండి, మొదట మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూడాలి. అక్కడ హాయిగా ఓర్చుకోగలిగినంత వేడి ఉన్నప్పుడే గడ్డ మీద పరచాలి. గుడ్డ చల్లారగానే మళ్ళీ ముంచి వేస్తూ, పది నుంచి పదిహేను నిమిషాలపాటు, రోజుకు మూడు నాలుగుసార్లు చేయాలి. వేడి వల్ల అక్కడికి రక్తప్రసారం పెరుగుతుంది, సలుపు తగ్గుతుంది, గడ్డ పండి తనంతట తాను పగలడానికి దారి ఏర్పడుతుంది. కాల్చిన ఉల్లిపాయ కట్టినా, అవిసె ముద్ద వేసినా ఉపశమనం కలగడానికి ప్రధాన కారణం వాటిలోని వేడియే. వాటికంటే శుభ్రమైన వేడిగుడ్డ మేలు. ఒక్క హెచ్చరిక: మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారికి వేడి తెలియక చర్మం కాలే ప్రమాదం ఉన్నది కనుక వారికి మరొకరు పరీక్షించి వేయాలి. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది.

నొక్కి చీము తీయవచ్చా అని అడిగారు. తీయకూడదు. గోళ్ళతో చిదిమినా, సూదితో పొడిచినా, బయటికి వచ్చే చీము కొంచెమే. మిగిలినది గడ్డ చుట్టూ శరీరం కట్టుకున్న గోడను చీల్చుకుని లోపలి కండలోకి వెళుతుంది. అలా చిదిమిన మరునాటికి అరచేయంత మేర చర్మం ఎర్రబడి, జ్వరంతో వచ్చినవారిని చాలామందిని చూశాను. గడ్డ తనంతట తాను పగిలినప్పుడు చీమును శుభ్రమైన గాజుగుడ్డతో తుడిచి, సబ్బు నీటితో కడిగి, పొడి గాజుగుడ్డ పెట్టి ప్లాస్టర్ అంటించండి. తడిసినప్పుడల్లా మార్చండి. తీసిన గుడ్డను కవరులో మూటకట్టి పారవేయండి. చీము అంటిన ప్రతిచోటికీ ఆ క్రిమి పాకుతుంది కనుక, గడ్డ మానేవరకు అతని తువ్వాలు, రేజరు, లోదుస్తులు మరొకరు వాడకూడదు. హాస్టల్ గదుల్లో ఈ జాగ్రత్త ఎవరూ పాటించరు. అందుకే అక్కడ ఒకరి తరువాత ఒకరికి వస్తుంటాయి.

సాధారణంగా సెగగడ్డ ఒకటి నుంచి మూడు వారాల్లో పగిలి మానుతుంది. ఈలోగా 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, చలి పుట్టినా, గడ్డ నుంచి ఎర్రని చార పైకి పాకుతున్నట్లు కనిపించినా, ఎరుపు గంట గంటకూ విస్తరిస్తున్నా, కాపడం పెడుతున్నప్పటికీ నొప్పి పెరుగుతూనే ఉన్నా వెంటనే చూపించండి. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో ఒక గీత గీసి, సాయంత్రానికి ఆ గీత దాటిందేమో చూడటం మీరు ఇంట్లో చేయగలిగిన మంచి పరీక్ష. రెండు వారాలైనా మెత్తబడకపోతే, ఏ ఇతర లక్షణమూ లేకపోయినా చూపించవలసిందే.

ప్రశ్న: నేను ఆటో నడుపుతాను. వయసు 34. ఈ ఏడాదిలో తొడల మీద, పిరుదుల మీద ఐదుసార్లు సెగగడ్డలు వచ్చాయి. ప్రతిసారీ మందుల షాపులో అడిగి మూడు రోజులు యాంటీబయాటిక్ బిళ్ళలు వేసుకుంటే తగ్గి, మళ్ళీ వస్తున్నాయి. రక్తం చెడిపోయిందని, శుద్ధి కావడానికి టానిక్కు తాగమని అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ రక్తం చెడిపోలేదు. అటువంటి టానిక్కుల మీద డబ్బు ఖర్చు చేయకండి. ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కు లోపల, సెగగడ్డలకు కారణమయ్యే స్టెఫైలోకాకస్ క్రిమి ఏ బాధా పెట్టకుండా నివసిస్తూ ఉంటుంది. అక్కడి నుంచి వేళ్ళకు, వేళ్ళ నుంచి చెమటతో నానిన చర్మానికి చేరి గడ్డగా మారుతుంది. మీరు రోజంతా సీటు మీద కూర్చుని ఉంటారు కనుక ఒరిపిడి కూడా తోడవుతోంది. మూడు రోజుల బిళ్ళలతో ఈ చక్రం తెగదు. పైగా చీము నిండిన గడ్డ లోపలికి మందు సరిగా చేరదు. అరకొరగా వాడిన కొద్దీ ఆ మందులకు లొంగని క్రిములు మిగిలిపోతాయి. ఈసారి గడ్డ లేచినప్పుడు ఏ మందూ మొదలుపెట్టకముందే వైద్యుని దగ్గరకు వెళ్ళండి. చీమును కల్చర్ పరీక్షకు పంపితే, ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. షుగరు పరీక్ష కూడా చేయించుకోండి. అవసరమనిపిస్తే వైద్యుడు ముక్కులో రాసుకునే ముపిరోసిన్ లేపనం, స్నానానికి క్లోర్‌హెక్సిడిన్ ద్రావకం కొన్ని రోజులపాటు ఇస్తారు. వాటిని సొంతంగా కొనుక్కుని వాడవద్దు. దురదకు వాడే స్టెరాయిడ్ కలిసిన క్రీములను కూడా గడ్డల మీద రాయవద్దు. రోజూ స్నానం, వదులైన నూలు బట్టలు, వేడినీటిలో ఉతికి ఎండలో ఆరేసిన తువ్వాలు మీకు ఉపయోగపడతాయి. మీ ఇంట్లో మరెవరికైనా గడ్డలు ఉంటే ఇద్దరికీ ఒకేసారి చికిత్స జరగాలి.

ఒక విషయం సిగ్గుపడకుండా గమనించుకోండి. గడ్డ మలద్వారానికి దగ్గరగా లేస్తుంటే అది మామూలు సెగగడ్డ కాకపోవచ్చు. అది లోపలికి దారి చేసుకుని భగందరంగా (ఫిస్టులాగా) మారే అవకాశం ఉంది కనుక శస్త్రవైద్యుడే చూడాలి. చంకల్లో, గజ్జల్లో ఏళ్ళ తరబడి వస్తూ మచ్చలు, గొట్టాల వంటి దారులు మిగిల్చే గడ్డలు కూడా వేరే వ్యాధి. వాటికి చర్మవైద్యుని దగ్గర దీర్ఘకాలిక చికిత్స ఉంది.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. ముక్కు లోపల వెంట్రుక పీకిన చోట గడ్డ లేచి, ముక్కు కొన ఎర్రగా ఉబ్బింది. వచ్చే వారం మా అక్క పెళ్ళి. ఈలోగా ఇంట్లోనే చిదిమేయవచ్చా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముట్టుకోవద్దు. ముక్కు దూలం నుంచి రెండు పెదవుల కొనల వరకు ఉన్న ముక్కోణపు ప్రాంతంలోని రక్తనాళాలకు, కళ్ళ వెనుక మెదడు పక్కన ఉన్న రక్తనాళాలతో సంబంధం ఉన్నది. ఇక్కడ నొక్కితే క్రిమి ఆ దారిన లోపలికి వెళ్ళే ప్రమాదం అరుదైనదే గానీ, ప్రాణాంతకమైనది. అందువల్ల ముఖం మధ్యలో లేచిన గడ్డకు ఇంటి వైద్యంతో రోజులు గడపమని నేను ఎవరికీ చెప్పను. రేపటిలోగా చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించండి. సకాలంలో మందు పడితే ఇవి చాలావరకు కొద్దిరోజుల్లోనే తగ్గుముఖం పడతాయి. కంటిరెప్ప వాచినా, తీవ్రమైన తలనొప్పి, జ్వరం వచ్చినా, ఒకే వస్తువు రెండుగా కనిపించినా రేపటివరకు కూడా ఆగకుండా, అర్ధరాత్రి అయినా సరే, పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి. ఇకముందు ముక్కులోని వెంట్రుకలను పీకకండి. అవసరమైతే మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెరతో పైపైన కత్తిరించుకోండి.