ఎర్రమట్టికి ఎన్ని అక్షరాలు? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: ఎర్రమట్టి దిబ్బల దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీసిన ఫొటోల నుంచి 18 రంగులు ఏరి, ఫొటోలు సవరించే జింప్ సాఫ్ట్‌వేరులో ఒక పాలెట్ (రంగుల పట్టిక) తయారు చేసుకున్నాను. ప్రతి రంగుకూ తెలుగు పేరు పెట్టాను. నా స్నేహితురాలు ఇల్లస్ట్రేటర్‌లో బొమ్మలు వేస్తుంది కనుక, ఆమె కోసం నా జీపీఎల్ ఫైలును (జింప్ పాలెట్ ఫైలు) చదివి ఏఎస్‌ఈ ఫైలుగా (అడోబీ సాఫ్ట్‌వేరుల పాలెట్ ఫైలు) రాసే చిన్న పైథాన్ ప్రోగ్రాము రాశాను. దానిని ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. పేర్లు ఇంగ్లీషులో ఉన్నంతవరకు ఫైలు చక్కగా తెరుచుకుంటోంది. తెలుగు పేర్లు పెట్టగానే మొరాయిస్తోంది. తెలుగు పేర్లను వదులుకోక తప్పదా?
— ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: వదులుకోవలసిన పని ఏమాత్రం లేదు. ఏఎస్‌ఈ ఫైలు రంగుల పేర్లను యూటీఎఫ్-16 (అక్షరాలను 2 బైట్ల సంకేతాలుగా రాసే) పద్ధతిలో దాచుకుంటుంది కాబట్టి, అందులో తెలుగుకూ ఇంగ్లీషుకూ సమానమైన చోటే ఉంది. మీ ప్రోగ్రాము చదివాను. తెలుగు పేర్లను అడ్డుకునే లోపం ఒక్క వరుసలోనే ఉంది, అదీ పేరు పొడవును లెక్కించే వరుసలో. అది అర్థం కావాలంటే ఫైలు కట్టుబడి కొంత తెలియాలి.

ఏఎస్‌ఈ ఫైలు 12 బైట్ల తలభాగంతో మొదలవుతుంది. మొదటి 4 బైట్లు ఏ, ఎస్, ఈ, ఎఫ్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. తరువాత వెర్షన్‌ను తెలిపే 1, 0 అనే రెండు చిన్న సంఖ్యలు, ఒక్కొక్కటి 2 బైట్లు. చివరి 4 బైట్లలో మొత్తం బ్లాకుల సంఖ్య. ఆ తరువాత బ్లాకులు వరుసగా వస్తాయి. ప్రతి బ్లాకూ తాను ఏ రకమో ముందుగా 2 బైట్లలో చెబుతుంది: 1 అయితే రంగు, 49153 అయితే గుంపు మొదలు, 49154 అయితే గుంపు ముగింపు. దాని వెంట 4 బైట్లలో బ్లాకు పొడవు ఉంటుంది. రంగు బ్లాకు లోపల మొదట పేరు పొడవు, తరువాత పేరు, దాని తరువాత నాలుగు అక్షరాల రంగు పద్ధతి, ఆపైన విలువలు, చివర ఆ రంగు ఏ తరహాదో చెప్పే 2 బైట్లు ఉంటాయి. ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) అన్న మాటకు మూడక్షరాలే కనుక నాలుగో చోట ఖాళీ పెట్టాలన్న సంగతి మీరు మరచిపోలేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఇప్పుడు మీ పాలెట్‌లోని మొదటి పేరునే తీసుకుందాం: ఎర్రమట్టి. బడిలో పిల్లవాణ్ణి అడిగితే ఎ, ర్ర, మ, ట్టి అని నాలుగు అక్షరాలు చెబుతాడు. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ లెక్కలో మాత్రం ఇవి తొమ్మిది: ఎ, ర, పొల్లు, ర, మ, ట, పొల్లు, ట, గుడి. అదే పేరును యూటీఎఫ్-8 అనే మరో పద్ధతిలో రాస్తే ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున 27 బైట్లు అవుతుంది. అంటే ఒకే మాటకు 4, 9, 27 అని మూడు లెక్కలు ఉన్నాయి, మూడూ తమ తమ చోట్ల సరైనవే. ఏఎస్‌ఈ అడిగేది మాత్రం యూటీఎఫ్-16 సంకేతాల లెక్క, దానికి చివర ముగింపు గుర్తుగా పెట్టే సున్నా ఒకటి కలుపుకోవాలి. కాబట్టి ఎర్రమట్టి పొడవు 10 అని రాయాలి, పేరు 20 బైట్లు పట్టాలి. మొత్తం బ్లాకు పొడవు: పేరు పొడవుకు 2, పేరుకు 20, రంగు పద్ధతికి 4, విలువలకు 12, తరహాకు 2, కలిపి 40 బైట్లు.

మీ ప్రోగ్రాము పేరును యూటీఎఫ్-8లోకి మార్చి ఆ బైట్లను లెక్కపెడుతోంది. దాంతో 10 ఉండవలసిన చోట ముగింపు సున్నాతో కలిపి 28 పడుతోంది, పేరుకు 56 బైట్లు లెక్కకు వచ్చి 40 బైట్ల బ్లాకు తన పొడవు 76 అని చెప్పుకుంటోంది. ఆ మాట నమ్మి చదివే సాఫ్ట్‌వేరు మొదటి రంగును దాటి తరువాతి రంగు మధ్యలోకి వెళ్లి పడుతుంది, అక్కడ దానికి అర్థమయ్యేది ఏదీ దొరకదు. ఇంగ్లీషు అక్షరానికి యూటీఎఫ్-8లో ఒక బైటు, యూటీఎఫ్-16లో ఒక సంకేతం, రెండూ ఒకటే సంఖ్య కావడం వల్ల మీ తప్పు ఇన్నాళ్లూ బయటపడలేదు. తప్పు మొదటి నుంచీ ఉంది, తెలుగు పేరు దానిని పట్టి ఇచ్చింది.

సవరణ చిన్నదే. ముందుగా పేరుకు సున్నా సంకేతం కలిపి, ఆ మొత్తాన్ని యూటీఎఫ్-16-బీఈ అనే పద్ధతిలో బైట్లుగా మార్చండి. వచ్చిన బైట్ల సంఖ్యను రెండుతో భాగిస్తే అదే పేరు పొడవు. అక్షరాలను మీరు స్వయంగా లెక్కపెట్టకండి. పొల్లు తరువాత వత్తు రాకుండా మనం టైపు చేసే కనబడని విడదీత గుర్తు కూడా ఒక సంకేతమే, కంటికి అది కనిపించదు. ‘బీఈ’ అన్న రెండక్షరాలను వదలకండి; వదిలితే పైథాన్ పేరుకు ముందు 2 బైట్ల గుర్తు ఒకటి అదనంగా చేర్చుతుంది, మన మామూలు కంప్యూటర్లలో బైట్ల వరుస కూడా తిరగబడుతుంది.

బైట్ల వరుస విషయం విలువలకూ వర్తిస్తుంది. ఏఎస్‌ఈలో ప్రతి సంఖ్యా పెద్ద బైటుతో మొదలవుతుంది. సంఖ్యలను బైట్లుగా మార్చే పైథాన్ స్ట్రక్ట్ మాడ్యూలుకు ఇచ్చే నమూనా మొదట్లో ‘>’ గుర్తు పెట్టకపోతే, అది మీ కంప్యూటరు వరుసలో రాయడమే కాక, ఫీల్డుల మధ్య అమరిక కోసం ఖాళీ బైట్లను కూడా చొప్పించవచ్చు. మీరు తలభాగానికి ఆ గుర్తు పెట్టారు, గుంపు ముగింపు దగ్గర మరచిపోయారు. ఇంకొకటి: బ్లాకుల సంఖ్యలో గుంపు మొదలు, ముగింపు కూడా చేరతాయి, కనుక మీ 18 రంగులకు అక్కడ 20 ఉండాలి.

జీపీఎల్ చదివే భాగం బాగుంది. అయితే ఫైలును తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పండి, లేకపోతే విండోస్ కంప్యూటరులో తెలుగు పేర్లు చెదిరిపోవచ్చు. వరుసను మొదటి మూడు ఖాళీల దగ్గరే విడగొట్టండి. అప్పుడు ‘మధ్యాహ్నపు ఎర్రమట్టి’ వంటి రెండు మాటల పేరు ముక్కలు కాదు.

నా సలహా ఒకటి మన్నించి వినండి. మూలప్రతిగా జీపీఎల్‌నే ఉంచుకోండి. అది మామూలు పాఠ్యం, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవవచ్చు, పేరు మార్చవచ్చు. జింప్, ఇంక్‌స్కేప్, క్రిటా మూడూ దానిని తీసుకుంటాయి. దానిలో 0 నుంచి 255 వరకు ఉండే ఆర్‌జీబీ విలువలు తప్ప మరేవీ పట్టవన్నది నిజమే, కానీ ఫొటోల నుంచి ఏరిన మీ రంగులకు అది చాలు. ఏఎస్‌ఈని అవసరమైనప్పుడల్లా దాని నుంచి పుట్టించుకోండి. సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పటి మట్టికీ, పొద్దు వాలినప్పటి మట్టికీ మీరు వేర్వేరు పేర్లు పెట్టారు. ఆ పేర్లు లేకపోతే ఆ రెండూ పక్కపక్కనున్న రెండు గోధుమరంగు గళ్లు మాత్రమే.

ప్రశ్న: ఫిషింగ్ హార్బరులో పడవలను ఐప్యాడ్ మీద ప్రోక్రియేట్‌లో గీస్తూ ఉంటాను. అక్కడ దాచుకున్న పాలెట్‌ను కంప్యూటరులో జింప్‌కు ఎలా తెచ్చుకోవాలి? ఆ ఫైలును ఏ ఎడిటరులో తెరిచినా పిచ్చి గుర్తులే కనిపిస్తున్నాయి.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: స్వాచెస్ అనే పొడిగింపుతో వచ్చే ఆ ఫైలు నిజానికి ఒక జిప్ కట్ట. పైథాన్‌లోని జిప్‌ఫైల్ మాడ్యూలుతో దానిని విప్పితే లోపల జేసన్ (పేర్లు, విలువలు జంటలుగా రాసే) పాఠ్యం దొరుకుతుంది. ప్రతి రంగుకూ ఛాయ, గాఢత, వెలుగు అనే మూడు విలువలు 0 నుంచి 1 మధ్యలో ఉంటాయి. పాలెట్‌లో 30 గళ్లు ఉంటాయి, ఖాళీ గడి ఉన్నచోట రంగు బదులు నల్ (ఏమీ లేదు) అని ఉంటుంది. దానిని దాటించకపోతే మీ ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది. మూడు విలువలను రంగు పద్ధతులు మార్చే కలర్‌సిస్ మాడ్యూలుకు ఇస్తే ఆర్‌జీబీ వస్తుంది, దానిని 255తో గుణించి దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించండి. దశాంశ భాగాన్ని ఊరికే కోసేయకండి, 126.99 వచ్చినచోట 127 బదులు 126 మిగులుతుంది. తిరుగు ప్రయాణం మరింత సులువు: ఇప్పటి ప్రోక్రియేట్ ఏఎస్‌ఈ, ఏసీవో (ఫొటోషాప్ రంగుల ఫైలు) ఫైళ్లను నేరుగా తీసుకుంటుంది.

ప్రశ్న: మా ప్రింటింగ్ ప్రెస్సుకు వచ్చిన ఏసీవో ఫైలును ప్రోగ్రాముతో చదివితే, సీఎంవైకే (అచ్చు సిరాల) రంగులన్నీ తలకిందులుగా వస్తున్నాయి. తెల్లగా ఉండవలసినది నల్లగా కనిపిస్తోంది.
— ఒక పాఠకుడు, ద్వారకానగర్, విశాఖపట్నం

సమాధానం: ఫైలు సరైనదే. ఫొటోషాప్ వాడే ఏసీవోలో సీఎంవైకే సిరా విలువలను తిప్పి రాస్తారు: 0 అంటే 100 శాతం సిరా, 65535 అంటే సిరా అసలు లేదు. 65535 నుంచి తీసివేసి ఆ తరువాత శాతం కట్టండి. ఆర్‌జీబీ రంగులకు ఈ తిప్పుడు ఉండదు. 0–255 విలువలను ఆ ఫైలులో రాయవలసి వస్తే 257తో గుణించండి, 256తో గుణిస్తే తెలుపు 65280 దగ్గరే ఆగిపోతుంది. ఏసీవోలోనూ ఏఎస్‌ఈలోనూ ఏ సిరా, ఏ కాగితం అన్న ప్రొఫైలు ఉండదు. కాబట్టి ఆ అంకెలు మీ యంత్రం మీద ఏ రంగునిస్తాయో ఒక నమూనా కాగితం అచ్చు వేసి, మీ గిరాకీదారుకు చూపించాకే మిగతా ప్రతులకు వెళ్లండి.