జీ ప్లస్ 2 స్టీల్ ఫ్రేమ్‌కి భూకంప కోడ్ లెక్క చాలా?

సార్, రేణిగుంట రోడ్డులో కడుతున్న 10 మీటర్ల షోరూమ్‌కి భూకంప లెక్కలో జోన్ 2 (తక్కువ ప్రమాద ప్రాంతం), ఆర్ విలువ (భూకంప బలాన్ని ఎన్నో వంతుకు తగ్గించి లెక్కించాలో చెప్పే సంఖ్య) 5 వేశారని, చిన్న బిల్డింగేగా అని డిజైనర్ సర్దిచెప్పాడని రాశారు. నా అనుమానం జోన్ మీద కాదు, ఆ 5 మీద.

భూకంప కోడ్ ఐఎస్ 1893 (2016) ప్రకారం మామూలు స్టీల్ మొమెంట్ ఫ్రేమ్‌కి (బీమ్-కాలమ్ గట్టి జాయింట్లతోనే బలాన్ని తట్టుకునే ఫ్రేమ్) ఆర్ 3 మాత్రమే. 5 కావాలంటే స్పెషల్ ఫ్రేమ్ డీటెయిలింగ్ (విరగకుండా వంగేలా చేసే ప్రత్యేక ఏర్పాట్లు) ఉండాలి. స్టీల్ డిజైన్ కోడ్ ఐఎస్ 800 (2007)లో మామూలు ఫ్రేమ్‌కే 4 కనిపిస్తుంది, గందరగోళం అక్కడే మొదలవుతుంది. నేనైతే 3 పట్టుకుంటాను.

గోడలు లేని స్టీల్ ఫ్రేమ్‌కి పీరియడ్ (బిల్డింగ్ ఒకసారి అటూ ఇటూ ఊగే సమయం) 0.085 గుణించు ఎత్తు ఘాతం 0.75, అంటే మీకు సుమారు 0.48 సెకన్లు. మీడియం నేలలో 0.55 సెకన్ల దాకా స్పెక్ట్రమ్ (పీరియడ్‌ని బట్టి బలం ఎంతో చెప్పే గ్రాఫ్) గరిష్ఠమైన 2.5 దగ్గరే ఉంటుంది. అంటే పొట్టి బిల్డింగ్ కాబట్టే పూర్తి బలం పడుతుంది! ఆర్ 5తో అడ్డంగా పడే బలం బిల్డింగ్ బరువులో 2.5 శాతం వచ్చేది, 3తో దాదాపు 4.2 శాతం అవుతుంది. అటు నెల్లూరు, ఇటు చెన్నై రెండూ ఆ 2016 కోడ్‌లో జోన్ 3లోనే ఉన్నాయి కాబట్టి, జోన్ 2 విలువ 0.10 బదులు జోన్ 3 విలువ 0.16తో కూడా ఒకసారి రన్ చేయించండి. ఖర్చేమీ లేదు.

లెక్క పాసైనా జాయింట్లు వదలొద్దు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో స్టీల్ బిల్డింగులు కూలలేదు గానీ, బీమ్-కాలమ్ వెల్డింగులు చాలాచోట్ల పగిలాయి, తక్కువ అంతస్తుల వాటిలో కూడా. మీ జాయింట్ బీమ్ ప్లాస్టిక్ మొమెంట్‌కి (బీమ్ శాశ్వతంగా వంగిపోయే ముందు మోయగల గరిష్ఠ వంపు బలం) 1.2 రెట్లు తట్టుకుంటుందా అని డిజైనర్‌ని అడగండి. షాప్ డ్రాయింగ్ ఇక్కడ పెడితే చూస్తాను.