పళ్ళు తెల్లబడితే ఫిల్లింగ్ రంగు మారుతుందా?

ప్రశ్న: మాది అమలాపురం. ముందు పళ్ళు రెండింటికి పంటి రంగు ఫిల్లింగ్ ఉంది. మాఘంలో పెళ్ళి. పళ్ళు తెల్లగా చేయించుకుంటే ఫిల్లింగ్ కూడా తెల్లబడుతుందా?

జవాబు: తెల్లబడదమ్మా. బ్లీచింగ్ జెల్‌లోని పెరాక్సైడ్ పంటిలోకి ఇంకి అక్కడి రంగును విరగ్గొడుతుంది. ఫిల్లింగ్ రంగు తయారీలోనే కలిపినది, దాని మీద జెల్ పనిచేయదు. క్యాపులూ అంతే. చుట్టూ పన్ను తెల్లబడేసరికి పాత ఫిల్లింగ్ పసుపు మచ్చలా తేలుతుంది.

ముందు క్లీనింగ్, పాలిష్ చేయించండి. టీ, కిళ్ళీ మరకలైతే ఒక్కోసారి అంతటితోనే పోతాయి. ఫిల్లింగ్ అంచు ఊడి సందు ఉంటే దాన్ని మూయించాకే బ్లీచింగ్. లేకపోతే జెల్ లోపలికి దిగి జివ్వుమంటుంది.

ఇంట్లో రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే ట్రేలో పెట్టుకునే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్‌కు సుమారు 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఆపాక కనీసం 2 వారాలు ఆగి కొత్త ఫిల్లింగ్ పెట్టించుకోవాలి. ఈ గడువు తప్పనిసరి: పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల ఫిల్లింగ్ సరిగా అతకదు, పైగా పంటి రంగు కాస్త వెనక్కి తగ్గి నిలబడాలి. కొత్త ఫిల్లింగ్‌కు షేడు, అంటే పంటికి సరిపోయే రంగు, చూసేటప్పుడు పళ్ళు తడిగా ఉండాలి. ఆరిన పన్ను ఉన్నదానికంటే తెల్లగా కనిపించి మోసం చేస్తుంది.

కాబట్టి ముహూర్తానికి రెండు నెలల ముందే మొదలుపెట్టండి.