సెలవు రోజు పనికి ఎంత పెద్ద రంపం?

ప్రశ్న: శని, ఆదివారాల్లో సరదాగా స్టూళ్లు, చిన్న అల్మారాలు చేస్తుంటాను. కొంటే వృత్తివాళ్లు వాడే పెద్ద టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరిగే కరెంటు రంపం) కొనమని స్నేహితుడు అంటున్నాడు. చిన్నది పనికిరాదా?

జవాబు: బాగా పనికొస్తుందండీ. తేడా అంతా మోటారులో ఉంది. చిన్న మిషన్లలో ఎక్కువగా కార్బన్ బ్రష్‌లున్న యూనివర్సల్ మోటారు ఉంటుంది. తేలిక, కానీ మోత ఎక్కువ, త్వరగా వేడెక్కుతుంది. పెద్దవాటిలో ఇండక్షన్ మోటారు. బరువైనా గంటల తరబడి తిరుగుతుంది. కొత్తగా షాపు పెట్టినప్పుడు నేను చిన్నదే కొని పొద్దంతా నడిపాను. నాలుగో నెలలో మోటారు కాలిపోయింది. తప్పు మిషన్‌ది కాదు, దాని మీద వేసిన పనిది. మీ వారాంతం పనికి అదే మిషన్ ఏళ్లపాటు వస్తుంది.

హార్స్‌పవర్ కన్నా ముందు ఫెన్స్, అంటే చెక్కను ఆనించి నెట్టే పక్క పట్టీ, చూడండి. బిగించాక అది బ్లేడుకి సమాంతరంగా, కదలకుండా నిలవాలి. వెనక వైపు బ్లేడు మీదికి వంగి ఉంటే చెక్క ఇరుక్కుని మీ మీదికే ఎగిరి వస్తుంది. బ్లేడు వెనక రైవింగ్ నైఫ్ (కోసిన సందు మూసుకుపోయి బ్లేడును పట్టేయకుండా ఆపే పలుచని రేకు) లేని మిషన్ మాత్రం దయచేసి కొనకండి.

మిగిలిన డబ్బు దుమ్ము లాగే మిషన్‌కి పెట్టండి. చెక్క పొడి క్యాన్సర్ కారకమని తేలింది. పని రెండు రోజులే అయినా పీల్చే గాలి అదే కదా. ప్లేనర్‌కి తొందరలేదు, చేత్తో చిత్రిక పట్టడం ముందు అలవాటు చేసుకోండి.