గిర్నిలోని పాత ఆయిల్ ఇంజన్‌ను ఏం చేయాలి?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర ఒక గ్రామం. సాగర్ ఎడమ కాలువ నీళ్లు రాకముందే మా తాత పెట్టిన వడ్ల గిర్నిలో ఒక పెద్ద ఆయిల్ ఇంజన్ ఉంది. సిలిండరు ఒక్కటే, అటొకటి, ఇటొకటి అయిదడుగుల చక్రాలు. ఇత్తడి పలక మీద ‘రస్టన్ అండ్ హార్న్స్‌బీ, లింకన్’ అని ఉంది. కరెంటు మోటారు వచ్చినప్పటి నుంచి అది నడవలేదు. ఇప్పుడు చక్రం తిరగడం లేదు, షెడ్డు రేకులు లేచిపోయాయి. పాత ఇనుము కొనేవాళ్లు తూకానికి అడుగుతున్నారు. మా తమ్ముడు రంగు వేసి ఇంటి ముందు పెడదామంటాడు. నాకు మాత్రం మళ్లీ నడిపించాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ మూడింటిలో దేనికీ ఇప్పుడే ఒప్పుకోవద్దని నా మనవి. తూకానికి ఇచ్చిన రోజే ఆ చక్రాలను సమ్మెటలతో పగలగొడతారు. పోతఇనుము దెబ్బకు వంగదు, పగులుతుంది, పగిలాక మునుపటి బలంతో అతికించడం చాలా కష్టం. మిగతా రెండు కోరికలు ఆరు నెలలు ఆగినా నష్టం లేదు. ఆగనిది వాన ఒక్కటే. కాబట్టి ముందు రేకులు వేయించండి. ప్లాస్టిక్ పట్టా నేరుగా ఇంజన్‌కు చుట్టకండి, లోపల చెమ్మ నిలిచి తుప్పు ఇంకా పెరుగుతుంది. పొగగొట్టం పైమూతి మూసేయండి. అక్కడి నుంచి దిగే వాన నీరు సిలిండరు దాకా పోగలదు.

తరువాత పలకను ఫొటో తీయండి. ఇత్తడి కాబట్టి అన్నిటికంటే ముందు మాయమయ్యేది అదే. నంబరు అరిగిపోయి ఉంటే దాని మీద పలుచటి కాగితం పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్దండి, అక్షరాలు తేలతాయి. రస్టన్, హార్న్స్‌బీ అనేవి ఇంగ్లండులో మొదట వేరువేరు కంపెనీలు. అవి కలిసింది 1918లో. రెండు పేర్లూ కలిసి ఉన్నాయంటే మీ ఇంజన్ అంతకు ముందుది కాదు. నూరేళ్లు నిండాయా లేదా అన్నది నంబరును బట్టి తేలాలి. ఇది తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే గత కాలపు శాస్త్ర సాంకేతికతకు సాక్ష్యంగా నిలిచే నూరేళ్ల వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది, అలాంటి దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. విదేశాలకు పంపుతామని ఎవరైనా పెద్ద ధర చెబితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

మీ తమ్ముడుగారి ముచ్చట నాకు అర్థమైంది, అయినా రంగు వద్దు. గిర్నిలో పనిచేసిన ఇంజన్ మీద నూనె, తౌడు దుమ్ము కలిసి పెంకులా గట్టిపడి ఉంటుంది. ఒక మూల కిరోసిన్ గుడ్డతో నానబెట్టి చెక్క పుల్లతో తీసి చూడండి; ఆ పెంకు కిందనే కంపెనీ వేసిన అసలు రంగు, అప్పుడప్పుడు సన్నని గీతలతో సహా, చెక్కుచెదరకుండా కనిపించవచ్చు. నేను చూసిన ఒక ఇంజన్‌ను గ్రైండరుతో రుద్ది వెండి రంగు పూశారు, నూనె వేయాల్సిన చోట్లు చెప్పే అక్షరాలన్నీ దానితో పోయాయి. ఇప్పటికీ తలచుకుంటే బాధే. పైగా పాత రంగుల్లో సీసం, పొగగొట్టానికి చుట్టిన తాడులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకడం, పీకడం ఊపిరితిత్తులకు ముప్పు.

ఇక నడపడం. చక్రం కదలడం లేదని గడ్డపారతో ఎత్తడం, ట్రాక్టరుకు కట్టి గుంజడం చేయకండి. సిలిండరులోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టరును విప్పి ఆ రంధ్రంలో డీజిల్ పోసి వారాల తరబడి నాననివ్వండి, రోజూ చేత్తో కొద్దిగా అటూ ఇటూ ఆడించి చూడండి. పిస్టన్ వదిలినా వెంటనే స్టార్టు చేయకూడదు. సిలిండరు చుట్టూ నీళ్లు తిరిగే దారిలో బావినీళ్ల సున్నపు పొర పేరుకుని ఉంటుంది, దాన్ని శుభ్రం చేయకపోతే వేడికి సిలిండరు పగలవచ్చు. చక్రాల సంగతి ఇంకా ముఖ్యం. అయిదడుగుల చక్రం నిమిషానికి 250 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 70 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుంది. చక్రం నడుమ నుంచి అంచు దాకా ఉండే ఆకులో కంటికి కనబడని పగులు ఒక్కటున్నా షెడ్డులో నిలబడ్డవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. ఆకుల మీద కిరోసిన్ పూసి, బాగా తుడిచి, సుద్దపొడి చల్లండి; పగులుంటే అక్కడ తడి గీత పైకి తేలుతుంది. అలాంటి గీత కనబడితే నడపాలన్న కోరికను విరమించండి. గీత లేకపోయినా ఈ రకం ఇంజన్‌ను స్వయంగా నడిపిన పాత మిస్త్రీ పక్కన లేకుండా తిప్పవద్దు.

నాకు తోచింది ఇది: పునాది బోల్టుల మీద, బెల్టు, దానితో తిరిగే పొడవాటి ఇరుసు (లైను షాఫ్టు)తో సహా ఉన్నచోటే ఉంచండి. ఇంటి ముందుకు తెస్తే అది ఒంటరి ఇనుప ముద్ద అవుతుంది, గిర్నిలో ఉంటే వడ్లు ఎలా ఆడేవో పిల్లలకు చూపించవచ్చు. మన వైపు మ్యూజియాలు, పానగల్లుదైనా పిల్లలమర్రిదైనా, ప్రధానంగా శిల్పాలవి. అక్కడ చోటు దొరుకుతుందన్న ఆశతో ఆలస్యం చేయకండి. మీకు సాధ్యం కాకపోతే దగ్గరి పాలిటెక్నిక్ కళాశాలను అడగండి. ఇచ్చేటప్పుడు పాలివాళ్లందరి సంతకాలు తీసుకుని, ముక్కలు చేయబోమని, అమ్మబోమని కాగితం రాయించుకోండి. ఈలోగా పలక మీది నంబరును, సిలిండరు హెడ్డు ఫొటోను మాకు పంపండి. హెడ్డుకు దీపంతో వేడిచేసే గుండు ఉందా లేదా చూస్తే ఇంజన్ ఏ తరహాదో చెప్పగలను.