ఆపరేటర్‌కు పని అర్థమైందా?

ప్రశ్న: మా బాయిలర్ ఆపరేటర్లకు రాతపరీక్షలో మంచి మార్కులే వస్తున్నాయి. పని నిజంగా అర్థమైందని తెలుసుకునేదెలా?
– ఒక షిఫ్ట్ ఇన్‌ఛార్జి, విశాఖపట్నం

జవాబు: రాతపరీక్షలో ఎక్కువగా బయటపడేది జ్ఞాపకశక్తే. ఆవిరి వాడకం హఠాత్తుగా పెరిగితే డ్రమ్ములో (బాయిలర్‌లో నీరు, ఆవిరి ఉండే తొట్టిలో) నీటిమట్టం మొదట ఎందుకు పెరిగినట్లు కనిపిస్తుందో చెప్పమనండి. పీడనం తగ్గి నీటిలోని ఆవిరి బుడగలు ఉబ్బడమే కారణమని, నీరు నిజానికి తరుగుతోందని వివరించగలిగినవారు తొందరపడి ఫీడ్‌వాటర్ (బాయిలర్‌లోకి పంపే నీరు) తగ్గించరు. మీటరు తప్పు చూపితే ఎలా పసిగడతారనీ అడగండి. 2005లో టెక్సాస్ సిటీ రిఫైనరీలో ఒక టవర్ నిండిపోతున్నా మీటరు మట్టం తగ్గుతున్నట్లే చూపింది. లోపలికి వచ్చేదెంత, బయటికి పోయేదెంత అన్న లెక్క ఎవరికీ పట్టలేదు, చివరకు పేలుడులో 15 మంది మరణించారు. అయితే ఈ ప్రశ్నలను ఇంక్రిమెంట్లకు ముడిపెట్టకండి. పెడితే, వీటికీ జవాబులు బట్టీ పట్టేస్తారు.