పక్కింటి కొరియా బాబు విషయమై పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ పక్కింటి కొరియా వాళ్ల నాలుగో తరగతి పిల్లవాణ్ణి బడిలో ఒకడు కళ్లు సాగదీసి వెక్కిరిస్తున్నాడనీ, భోజనానికి తెచ్చుకున్న కింబాప్‌ను (సముద్రపు నాచులో చుట్టిన కొరియా అన్నం) లాక్కుని నేలపాలు చేశాడనీ, ఆ తల్లి వచ్చీరాని ఇంగ్లీషులో నీ దగ్గర కన్నీళ్లు పెట్టుకుందనీ చదివి మనసు కలుక్కుమంది. ఇక్కడ అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రపు బడిలో పాఠాలు చెప్పినదానిగా నాకు తెలిసినది వ్రాస్తున్నాను.

ముందుగా ప్రిన్సిపాల్‌కు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇప్పించు. నోటిమాటగా చెబితే "పిల్లల ఆటలు" అని సర్దిచెప్పి పంపేస్తారు. 2011లో వచ్చిన న్యూజెర్సీ యాంటీ బుల్లీయింగ్ (బడిలో వేధింపులను అరికట్టే) చట్టం ప్రకారం జాతిని బట్టి, పూర్వీకుల దేశాన్ని బట్టి చేసే వేధింపు ఒక్కసారి జరిగినా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు అందాక బడి జరిగే ఒక రోజులో విచారణ మొదలుపెట్టి, బడి జరిగే పది రోజులలో ముగించాలి. ప్రతి బడిలోనూ ఇందుకోసం ఒక యాంటీ బుల్లీయింగ్ స్పెషలిస్ట్ ఉంటారు, ఫిర్యాదు ఉత్తరం ప్రతిని వారికి కూడా పంపించు. అందులో "తరచూ వేధిస్తున్నాడు" అని వ్రాస్తే లాభం లేదు. "మంగళవారం మధ్యాహ్న భోజనం తర్వాత, జారుడుబల్ల దగ్గర, ఫలానా మాట అన్నాడు, పక్కన ఫలానా ఇద్దరు ఉన్నారు" అని, అన్న మాట ఎంత నీచమైనదైనా ఉన్నదున్నట్లు వ్రాయాలి.

ఆ తల్లి వెనకాడవచ్చు. కొరియాలో గురువుకు ఎదురు చెప్పడం అమర్యాద అనే భావన బలమైనది, ఫిర్యాదు చేస్తే టీచరును తప్పుపట్టినట్లవుతుందని ఆమె అనుకోవచ్చు. బడిలో పిల్లల మీద జరిగే హింసను అరికట్టడానికి ఆమె సొంత దేశంలోనే 2004లో ప్రత్యేక చట్టం వచ్చిందని గుర్తు చేయి.

సమావేశానికి పిలిచినప్పుడు కొరియన్ అనువాదకుణ్ణి ఏర్పాటు చేయమని ముందే అడిగించు. జాతీయ మూలాన్ని బట్టి వివక్ష చూపకూడదన్న 1964 పౌరహక్కుల చట్టమే ఆ కోరికకు ఆధారం. నీవు తోడుగా వెళ్లు, కానీ అనువాదం నీవు చేయకు. పిల్లవాడిచేత అసలు చేయించవద్దు. తల్లి బాధపడుతుందని ఆ పసివాడు తనకు జరిగిన అవమానాన్ని సగానికి తగ్గించి చెబుతాడు. అలాంటి పిల్లలను నేను చూశాను. ఇంకొక సంగతి కూడా ఉత్తరంలోనే పెట్టించు. పెద్దలు మందలించేటప్పుడు తల వంచుకోవడం మన ఇళ్లలో లాగే వాళ్ల ఇళ్లలోనూ మర్యాద, కానీ ఇక్కడి టీచర్లు దానిని తప్పు చేసినవాడి లక్షణంగా పొరబడే ప్రమాదం ఉంది.

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేస్తామంటే ఒప్పుకోవద్దని చెప్పు. సమానులైన ఇద్దరి మధ్య తగవుకు రాజీ పనికివస్తుంది గాని, ఒకడు భయపడుతూ ఇంకొకడు భయపెట్టేచోట పనికిరాదు.

బాబు తిరిగి కొట్టకూడదు. కొడితే శిక్ష ఇద్దరికీ పడుతుంది, అసలు ఫిర్యాదు పక్కకు పోతుంది. "స్టాప్, డోంట్ టచ్ మై ఫుడ్" అని గట్టిగా అని, వెంటనే డ్యూటీలో ఉన్న పెద్దవారి దగ్గరకు నడిచి వెళ్లడం ఇంట్లో అద్దం ముందు అలవాటు చేయించండి. భయానికి కింబాప్ మానిపించి శాండ్‌విచ్ పెట్టడం నాకు నచ్చదు. వాడంతట వాడు అడిగితే అది వేరే సంగతి.

మన పాప అదే తరగతి కదా. వేధించేవాడితో తలపడమని దానికి చెప్పవద్దు. భోజనం వేళ బాబు పక్కన కూర్చుని, చూసినది చూసినట్లు టీచరుకు చెబితే చాలా మేలు జరుగుతుంది.

విచారణ ఫలితం తల్లిదండ్రులకు తెలియజేయాలి. అది సరిగా లేదనిపిస్తే స్కూల్ బోర్డు ముందు తమ వాదన వినమని కోరే హక్కు వారికి ఉంది. ఆదివారం ఆమెతో కూర్చుని ఉత్తరం ముసాయిదా తయారుచేసి నాకు పంపు. రాత్రికే చదివి, మార్చవలసినవి ఉంటే గుర్తుపెట్టి తిప్పి పంపుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ